వాటం: ఎడమచేతి మనుషులు, కుడిచేతి పనిముట్లు – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

మానవ సమాజంలో దాదాపు పదిమందిలో ఒకరు ఎడమచేతి వాటం కలవారు. అయినా కత్తి, కత్తెర, కొడవలి వంటి పనిముట్లలో అధికభాగం కుడిచేతి కొలతకే తయారయ్యాయి. దీనిని కేవలం సంఖ్యాబలం ఫలితంగా చూడడం పరిపాటి. ఎడమచేతివారికి అనువైన పనిముట్టు దొరకడం, దొరకకపోవడం అనేవి ఉత్పత్తి విధానాన్ని, బాల్యంలో చేతికి ఇచ్చే శిక్షణను అనుసరించి కాలానుగుణంగా మారుతూ వచ్చాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. భాషాసాక్ష్యం, పురావస్తు సాక్ష్యం, పనిముట్ల నిర్మాణం, ఇరవయ్యో శతాబ్దపు మార్కెట్ పరిణామాలు ఈ పరిశీలనకు ఆధారాలు. తెలుగువారి వంటింటి కత్తిపీటను ఈ చర్చలో ఒక ప్రత్యేక ఉదాహరణగా స్వీకరించడం జరిగింది.

కీలకపదాలు: ఎడమచేతి వాటం, పనిముట్లు, కత్తెర, కొడవలి, కత్తిపీట, సవ్యం, శ్రమ చరిత్ర.

1. ఉపోద్ఘాతం:

పనిముట్టును చెయ్యికి కొనసాగింపుగా భావించడం శ్రమ చరిత్రలో సాధారణం. అయితే ఆ చెయ్యి ఏది అన్న ప్రశ్న చరిత్రకారుల దృష్టికి చాలా ఆలస్యంగా వచ్చింది. రాజుల ఆయుధాలు, వృత్తికారుల ఉలులు, స్త్రీల వంటింటి సామగ్రి గురించి గ్రంథాలు వెలువడ్డాయి. వాటిని పట్టుకున్నవారిలో కొందరి చెయ్యి వేరన్న సంగతి మాత్రం ఆ గ్రంథాలలో పెద్దగా కనిపించదు.

2020లో వెలువడిన ఒక సమగ్ర విశ్లేషణ ఇరవై లక్షల మందికి పైగా సంబంధించిన అధ్యయనాలను క్రోడీకరించి, ఎడమచేతి వాటం 10.6 శాతం మందిలో ఉన్నదని తేల్చింది. ఇంతటి జనభాగానికి పనిముట్టు సరిపోకపోవడం చిన్న విషయం కాదు. సరిపోని పనిముట్టుతో పని నెమ్మదిస్తుంది, చెయ్యి నొస్తుంది, గాయమవుతుంది. అన్నింటికీ మించి, లోపం పనిముట్టుది కాక మనిషిదే అన్న నింద మిగులుతుంది. ‘చేత కానివాడు’ అన్న మాటలోని చెయ్యి ఎవరిదో, ఏ పనిముట్టును ఎదుట పెట్టుకొని ఆ తీర్పు వెలువడిందో విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. భాషాసాక్ష్యం:

తెలుగులో ఈ స్థితిని తెలిపే పదబంధం ‘ఎడమచేతి వాటం’. ఇందులోని ‘వాటం’ అన్న పదం ప్రత్యేకంగా గమనింపదగినది. ఇంటికప్పుకు నీరు జారే వాలు వాటం. మోయడానికి అనువుగా ఉన్న బరువు వాటంగా ఉన్నట్టు. పట్టుకు ఒదిగిన కత్తి వాటమైన కత్తి. అంటే ఈ పదం మనిషికీ వస్తువుకూ సమానంగా వర్తిస్తుంది. మనిషికి ఒక వాటం ఉంటుంది, పనిముట్టుకూ ఒక వాటం ఉంటుంది, ఆ రెండూ కలిసినప్పుడు పని సాగుతుంది. లోపమన్న భావం ఈ పదంలో లేదు.

ఇతర పదాల తీరు ఇంత తటస్థం కాదు. ‘పుర్రచెయ్యి’ అన్న వాడుకలో హేళన ధ్వనిస్తుంది. కుడిని సూచించే పాత ధాతువు ‘వల’కు ‘వలను’ అన్న పదంలో అనుకూలం, నేర్పు అన్న అర్థాలు వచ్చి చేరాయి. ఎడమను సూచించే ‘డా’ అన్నది డాచేయి, డాకాలు వంటి సమాసాలలో దిక్కును తెలిపి ఊరుకుంది. సంస్కృతంలోని ‘దక్షిణ’ శబ్దం ‘దక్ష’తో చుట్టరికం కలిగి సామర్థ్యాన్ని స్ఫురింపజేస్తుంది. లాటిన్, ఫ్రెంచి భాషలలో సైతం ఎడమను తెలిపే మాటలు అశుభానికి, మోటుతనానికి పర్యాయాలు కావడం ప్రసిద్ధమే.

వీటన్నింటిలో ‘సవ్యం’ చరిత్ర మిక్కిలి ఆసక్తికరమైనది. సంస్కృతంలో సవ్యం అంటే ప్రధానంగా ఎడమ. అమరకోశం సవ్యాన్ని ఎడమగాను, అపసవ్యాన్ని కుడిగాను చెప్పింది. ఎడమచేతితోనూ బాణం వేయగలవాడు కనుకనే అర్జునుడు సవ్యసాచి. నేటి తెలుగులో మాత్రం సవ్యంగా అంటే సరిగా, క్రమంగా అని అర్థం, అపసవ్యం అంటే తలకిందులు. దైవకార్యాలలో యజ్ఞోపవీతం ఎడమభుజం మీద ఉండడం సవ్యం, పితృకార్యాలలో కుడిభుజం మీదికి మార్చడం అపసవ్యం. నిత్యమైన పద్ధతి సవ్యమైంది కనుక సవ్యమే సరైన పద్ధతి అన్న అర్థవిస్తరణ ఈ వాడుక ద్వారా సుగమమైంది. ఎడమను చెప్పే మాట ‘సరైనది’ అన్న అర్థానికి మారడం, ఆ మార్పు జరిగిన భాషలోనే ఎడమచెయ్యి సరైనది కాకపోవడం గమనార్హం. సరైనదేదో చేతుల స్వభావాన్నిబట్టి గాక, ఆచారం స్థిరపరచిన క్రమాన్నిబట్టి నిర్ణయమవుతుందని ఈ ఒక్క పదం చరిత్ర చెబుతున్నది.

సేద్యపు పదజాలంలో మరొక సాక్ష్యం ఉంది. కాడికి ఎడమవైపు కట్టే ఎద్దు దాపటిది, కుడివైపు కట్టేది వెలపటిది. అలవాటైన పక్క మార్చి కడితే ఎద్దు సరిగా నడవదని రైతుకు తెలుసు. పశువు విషయంలో పాటించిన ఈ ఎరుకను సమాజం పిల్లల చేతుల విషయంలో పాటించలేదు.

దక్షిణభారతంలోని కుడిచేతి, ఎడమచేతి కులాల విభజనను ఈ చర్చతో ముడిపెట్టడం సమంజసం కాదు. అక్కడ చెయ్యి సామాజిక వర్గానికి సంకేతమే తప్ప శరీరలక్షణం కాదు. అయితే పనిముట్లు తయారుచేసే లోహకార, వడ్రంగ వృత్తులవారు తమిళదేశంలో ఎడమచేతి వర్గంలో ఉండడం, కుడిఎడమలకు సమాజం హెచ్చుతగ్గులను ఎంత సులభంగా అంటగట్టగలదో తెలుపుతుంది.

3. పురావస్తు, గ్రంథ సాక్ష్యాలు:

చెయ్యి శిలాజంగా మిగిలినా దాని వాటం మిగలదు. అందువల్ల పరిశోధకులు చెయ్యి చేసిన పని ఆనవాళ్ళను ఆశ్రయించారు. 1985లో నికొలస్ టోత్ కెన్యాలోని కూబీ ఫోరా ప్రాంతపు రాతిపెచ్చులను పరిశీలించాడు. కుడిచేతితో సుత్తిరాయి పట్టి కొట్టేవాడు రెండో చేతిలోని రాయిని ఒకే దిశలో తిప్పుతాడని, దానివల్ల ఒక తరహా పెచ్చులు ఎక్కువగా రాలుతాయని అతని వాదం. అక్కడ ఆ తరహావి 57 శాతం, తక్కిన తరహావి 43 శాతం లభించాయి. ఈ పద్ధతి విశ్వసనీయతను తరువాతి పరిశోధకులు ప్రశ్నించారు.

నియాండర్తల్ మానవుల ముందరి పళ్ళమీది గీతలు ఇంతకంటే బలమైన సాక్ష్యం. మాంసాన్నో తోలునో ఒక కొనను పళ్ళతో కరచిపట్టి, రెండో కొనను ఒక చేత్తో లాగి, మరో చేతిలోని రాతికత్తితో కోసేటప్పుడు కత్తి జారి పంటిమీద గీత పడేది. ఆ గీత ఏటవాలును బట్టి కత్తి ఏ చేతిలో ఉన్నదో ఊహించవచ్చు. క్రొయేషియాలోని క్రాపినా, స్పెయిన్‌లోని సీమా దె లోస్ వెసోస్ వంటి స్థలాలలో లభించిన పళ్ళు కుడిచేతి ఆధిక్యం ఎంత ప్రాచీనమో నిరూపించాయి. చెయ్యి గురించిన తొలి చారిత్రక పత్రం ఒక కత్తి రాసిన గీత కావడం యాదృచ్ఛికమే కావచ్చు. కాని కోత అనే పనిలోనే చేతుల తేడా అందరికంటే స్పష్టంగా బయటపడుతుందన్న సత్యాన్ని అది ముందుగానే సూచిస్తున్నది.

1977లో స్టాన్లీ కోరెన్, క్లేర్ పోరాక్ అయిదువేల సంవత్సరాల కాలానికి చెందిన వెయ్యికి పైగా చిత్రాలను, శిల్పాలను పరిశీలించి, వాటిలో పనిముట్టు లేదా ఆయుధం పట్టిన చెయ్యి సుమారు 93 శాతం సందర్భాలలో కుడిదేనని తెలిపారు. కాలం మారినా, దేశం మారినా ఈ నిష్పత్తి పెద్దగా మారలేదు. దీనినిబట్టి రెండు విషయాలు రూఢి అవుతాయి. కుడిచేతి ఆధిక్యం ఏ ఒక్క నాగరికతో కల్పించినది కాదు. ఎడమచేతివారు లేని కాలమూ లేదు.

గ్రంథసాక్ష్యాలలో బైబిలు పాతనిబంధనలోని న్యాయాధిపతుల గ్రంథం ముఖ్యమైనది. బెన్యామీను గోత్రీకుడైన ఏహూదు ఎడమచేతివాడు. అతడు మూరెడు పొడవున్న రెండంచుల కత్తిని తానే చేయించుకొని, వస్త్రాల మాటున కుడితొడకు కట్టుకొని వెళ్ళి మోయాబు రాజు ఎగ్లోనును వధించాడు. కుడిచేతివాడు కత్తిని ఎడమవైపు కట్టుకుంటాడు. ఏహూదు కత్తి కుడితొడమీద ఉన్నందువల్ల అనుమానానికి తావులేకపోయింది. ఈ కథనంలో పనిముట్ల చరిత్రకు పనికివచ్చే మూడు వివరాలున్నాయి. ఆ కత్తి అంగడిలో కొన్నది కాదు, అవసరానికి ప్రత్యేకంగా చేయించినది. రెండంచులది కనుక ఏ చేతిలోనైనా ఒకే తీరుగా తెగుతుంది. దాన్ని దాచిన చోటు పూర్తిగా ఎడమచేతికి అమరినది. బెన్యామీను అన్న పేరుకు ‘కుడిచేతి కొడుకు’ అని అర్థం. ఆ గోత్రంలోనే ఎడమచేతితో గురితప్పక వడిసెల విసిరే ఏడువందలమంది ఉన్నట్టు అదే గ్రంథం ఇరవయ్యో అధ్యాయం పేర్కొన్నది.

గ్రీకు తత్త్వవేత్త ప్లేటో తన ‘న్యాయశాసనాలు’ గ్రంథం ఏడవ భాగంలో చేతుల వ్యత్యాసం ప్రకృతి ఇచ్చినది కాదనీ, దాదులూ తల్లులూ తెలివితక్కువగా పెంచడంవల్ల మనుషులు చేతుల విషయంలో కుంటివారవుతున్నారనీ వాదించాడు. సిథియనులు ఏ చేత్తోనైనా విల్లు పట్టగలరని ఉదాహరించాడు. ప్లేటో వాదం శరీరశాస్త్రం దృష్ట్యా నిలవదు. అయినా చెయ్యి విషయంలో పెంపకానికి పాత్ర ఉన్నదన్న గుర్తింపు అంత పూర్వమే కలగడం విశేషం.

4. పనిముట్టులో దాగిన చెయ్యి:

సుత్తికి, గునపానికి, పారకు చేతితేడా లేదు. అవి సౌష్ఠవం కలిగినవి. కోసే పనిముట్లలో మాత్రం పైకి కనిపించని పక్షపాతం ఉంటుంది. దాన్ని వివరించడానికి మూడు ఉదాహరణలు చాలు.

4.1 కత్తెర:

కత్తెర కోత రెండు అంచులు ఒకదానినొకటి ఒరుసుకుంటూ దాటడంవల్ల సాధ్యమవుతుంది. కుడిచేత్తో పట్టినప్పుడు బొటనవేలు పిడిని బయటికి నెడుతుంది, తక్కిన వేళ్ళు లోపలికి లాగుతాయి. ఈ సహజమైన ఒత్తిడి రెండు అంచులను దగ్గరకు నొక్కుతుంది. అదే కత్తెరను ఎడమచేత్తో పట్టినప్పుడు అదే కదలిక అంచులను ఎడం చేస్తుంది. గుడ్డ తెగడానికి బదులు అంచుల నడుమ మడతపడి ఇరుక్కుంటుంది. పైగా పై అంచు గీతకు అడ్డువస్తుంది, ఎక్కడ కోస్తున్నదీ కనిపించదు. ఎడమచేతి పిల్లవాడు కాగితం కోయలేక చింపుకోవడానికి కారణం అతని నేర్పులో లేదు, రెండు అంచుల అమరికలో ఉంది. ఆ అమరికను అద్దంలోని ప్రతిబింబంలాగా తిరగవేస్తేనే ఎడమచేతి కత్తెర అవుతుంది. పిడిని మాత్రమే మార్చి ‘ఇరుచేతులకూ పనికివస్తుంది’ అని అమ్మే కత్తెరలు ఈ సమస్యను తీర్చలేవు.

4.2 ఒకవైపు వాలు గల కత్తి:

సాధారణ వంటింటి చాకుకు రెండువైపులా సమానంగా పదును పెడతారు. అది ఏ చేతికైనా ఒకటే. జపానువారి యనగిబ, దేబ, ఉసుబ వంటి సంప్రదాయ కత్తులు అటువంటివి కావు. వీటికి వాలు ఒకవైపే, సాధారణంగా కుడిముఖానికి, ఉంటుంది. ఎడమముఖం దాదాపు చదునుగా, కొద్దిగా గుల్లగా ఉంటుంది. కుడిచేతివాడు చేపముక్కను కోసినప్పుడు చదును ముఖం అసలు ముక్కవైపు నిలిచి నునుపైన కోతనిస్తుంది, వాలు ముఖం తెగిన పలుచని ముక్కను పక్కకు తోస్తుంది. ఇదే కత్తి ఎడమచేతిలోకి వస్తే ముఖాలు తారుమారవుతాయి. వాలు మీది ఒత్తిడివల్ల కత్తి బయటికి జరుగుతుంది, ముక్క ఒకచోట మందంగా, మరొకచోట పలుచగా వస్తుంది.

ఒకవైపే రంపపు పళ్ళు తీర్చిన రొట్టెకత్తులలోనూ ఇదే ఇబ్బంది ఉంది. మడతకత్తుల విషయంలో సమస్య వేరు. అలకు తెరవడానికి గోరు పట్టే గాడి, తాళం విడిచే మీట, జేబుకు తగిలించే క్లిప్పు అన్నీ కుడిచేతి బొటనవేలిని మనసులో పెట్టుకొని అమర్చినవే.

4.3 కొడవలి:

వరికోత కొడవలికి అంచున కక్కు ఉంటుంది. ఆ పళ్ళను ఒక ముఖానికే తీరుస్తారు. కోతగాడు ఒక చేత్తో దుబ్బును పట్టి, రెండో చేతిలోని కొడవలిని తనవైపు లాగుతాడు. కొడవలిని ఎడమచేతిలోకి మార్చితే కక్కు ఉన్న ముఖం తిరగబడుతుంది, దుబ్బుమీద పట్టు జారుతుంది. వరుసగా నిలిచి కోసేటప్పుడు మరో చిక్కు ఉంది. అందరూ ఒకే దిశలో కోసి ఒకే పక్కన పనలు వేస్తుండగా ఒక్కరు ఎదురుదిశలో కోస్తే పక్కవారికి అడ్డు, ప్రమాదం కూడా. కనుక సామూహిక శ్రమలో ఎడమచేతి మనిషి ఎదుర్కొన్నది పనిముట్టుతోపాటు పని వరుసను కూడా. కొడవలి మార్చినంత మాత్రాన వరుస మారదు.

5. కొలిమి నుంచి కర్మాగారానికి:

పై ఉదాహరణలు పనిముట్లలో పక్షపాతం ఉన్నదని చూపుతాయి. ఆ పక్షపాతాన్ని సవరించుకునే వీలు ఎవరికి ఎంత ఉండేది అన్నది తరువాతి ప్రశ్న.

గ్రామీణ వ్యవస్థలో పనిముట్టు తయారీదారు, దానిని వాడే మనిషి ఒకే ఊరివారు. ఆయగాండ్రలో ఒకడైన కమ్మరి రైతు పనిముట్లు చేసి, కాలానుగుణంగా వాటికి పదును, కక్కు పెట్టి, కోతల వేళ కళ్ళంలో తన ధాన్యభాగం తీసుకునేవాడు. పనిముట్టు ముందుగా చేసిపెట్టిన సరుకు కాదు, అడిగి చేయించుకునేది. కక్కును ఏ ముఖానికి తీర్చాలి, పిడిని ఎటు వంచాలి అన్నది కొలిమి దగ్గర ఒక మాటతో తేలగల విషయం. దానికి వేరే అచ్చు అక్కరలేదు, వేరే ధర అక్కరలేదు. ఎందరు ఆ మాట అడిగారన్నది వేరే సంగతి. అడిగే దారి మాత్రం తెరిచే ఉండేది.

కర్మాగారం ఆ దారిని మూసివేసింది. ఇంగ్లాండులోని షెఫీల్డ్, జర్మనీలోని జోలింగెన్ వంటి పట్టణాలు కత్తులను, కత్తెరలను పెద్దయెత్తున తయారుచేసి ప్రపంచానికి పంపాయి. ఒక నమూనాను వేలసార్లు పునరావృతం చేయడంలోనే కర్మాగారపు లాభం ఉంది. నమూనా ఒక్కటే అయినప్పుడు అది తొంభైమంది చేతికే ఉంటుంది. మిగిలిన పదిమందికి వేరే అచ్చు, వేరే యంత్రపు అమరిక, వేరే గిడ్డంగి కావాలి. ఎడమచేతి పనిముట్టు ‘ప్రత్యేకమైనది’గా, అందువల్ల ఖరీదైనదిగా మారడం ఇక్కడే మొదలైంది.

ఇరవయ్యో శతాబ్దంలో పనిముట్లను శరీరానికి మరింత అనువుగా మలచాలన్న ఆలోచన విస్తరించింది. ఆశ్చర్యకరంగా అది ఎడమచేతివారి ఇబ్బందిని పెంచింది. ఫిన్లాండుకు చెందిన ఫిస్కార్స్ సంస్థ 1967లో నారింజరంగు ప్లాస్టిక్ పిడిగల కత్తెరను ప్రవేశపెట్టింది. వేళ్ళ ఒంపుకు తగినట్టు పోతపోసిన పిడులు లోకమంతటా వ్యాపించాయి. పాత ఇనుప కత్తెర ఉంగరాలు గుండ్రనివి కనుక ఏ చెయ్యైనా దూరేది. కుడి బొటనవేలికి మలచిన ఒంపు ఎడమ బొటనవేలిని ఒరుసుకుంది. సగటు శరీరానికి సౌకర్యం ఎంత కచ్చితంగా అమరితే, సగటుకు భిన్నమైన శరీరానికి అసౌకర్యం అంత కచ్చితమవుతుంది.

సైనిక సామగ్రిలో ఈ తర్కం పరాకాష్ఠకు చేరింది. 1980లలో బ్రిటిష్ సైన్యం స్వీకరించిన ఎస్.ఏ.80 తుపాకిలో కాల్చిన తూటా గుల్ల కుడివైపుకు, వెనుకభాగం నుంచి బయటపడుతుంది. ఎడమభుజానికి ఆనించి కాల్చితే అది ముఖానికి తగులుతుంది. అందువల్ల ఎడమచేతి సైనికులు కూడా కుడిభుజంమీదనే కాల్చడం నేర్చుకోవలసి వచ్చింది. ఇక్కడ పనిముట్టును మనిషికి తగినట్టు మార్చలేదు, మనిషినే పనిముట్టుకు తగినట్టు మార్చారు.

6. చెయ్యి మార్పించిన కాలం:

మనిషిని మార్చే ఈ పద్ధతి సైన్యంతో మొదలైంది కాదు. ఇంట్లో, బడిలో అది ముందే ఉంది. ఫ్రెంచి సామాజికశాస్త్రవేత్త రాబర్ట్ హెర్ట్స్ 1909లో రాసిన ప్రసిద్ధవ్యాసంలో, శరీరంలోని స్వల్పమైన అసమానతను సమాజం పవిత్రం, అపవిత్రం అన్న ద్వంద్వంగా పెంచి ఒక వ్యవస్థగా నిలిపిందని వివరించాడు. తెలుగునాట అన్నం తినడం, ప్రసాదం అందుకోవడం, డబ్బు ఇవ్వడం వంటి పనులకు ఎడమచెయ్యి నిషిద్ధం. కంచం ముందు ఎడమచెయ్యి చాచిన పిల్లవాడి చేతిమీద దెబ్బ పడడం అనేక కుటుంబాలలో పెంపకంలో భాగమే. యూరప్, అమెరికా బడులలోనూ ఎడమచేత్తో రాసే పిల్లలను దండించి కుడికి మార్చారు.

దీని ప్రభావం లెక్కలలో కనిపిస్తుంది. 1986లో ఒక అమెరికన్ పత్రిక తన పాఠకుల మధ్య జరిపిన సర్వేకు పదిలక్షల మందికి పైగా స్పందించారు. 1992లో వెలువడిన దాని విశ్లేషణ ప్రకారం, ఇరవయ్యో శతాబ్దపు తొలి సంవత్సరాలలో పుట్టినవారిలో ఎడమచేత్తో రాసేవారు కొద్దిశాతమే. శతాబ్దం మధ్యలో పుట్టినవారిలో వారి నిష్పత్తి పది శాతానికి పైబడింది. ఇంత తక్కువ కాలంలో మానవ జన్యులక్షణం మారదు. మారినది పెంపకం.

ఈ చారిత్రక నేపథ్యాన్ని విస్మరిస్తే ఎంతటి పొరపాటు జరుగుతుందో 1991నాటి ఒక అధ్యయనం చూపింది. డయాన్ హాల్పర్న్, స్టాన్లీ కోరెన్ దక్షిణ కాలిఫోర్నియాలో మరణించిన సుమారు వెయ్యిమంది వివరాలు సేకరించి, కుడిచేతివారు సగటున 75 ఏళ్ళకు, ఎడమచేతివారు 66 ఏళ్ళకు మరణించారని ప్రకటించారు. కుడిచేతి లోకపు పనిముట్లవల్ల కలిగే ప్రమాదాలు ఒక కారణమన్న వివరణ పత్రికలలో విశేషంగా ప్రచారమైంది. తరువాత విమర్శకులు అందులోని లోపాన్ని ఎత్తిచూపారు. వృద్ధుల తరంలో ఎడమచేతివారిని బాల్యంలోనే కుడికి మార్చారు కనుక, పెద్దవయసులో మరణించినవారిలో వారు తక్కువగా లెక్కకు వచ్చారు. మిగిలినవారు చిన్న తరాలవారు కనుక వారి సగటు సహజంగా తగ్గింది. ఆయుష్షులో తేడాగా కనిపించినది నిజానికి పెంపకం చరిత్రలోని తేడా.

పనిముట్ల చరిత్రకు ఇక్కడ ఒక ముఖ్యమైన సూత్రం లభిస్తుంది. చెయ్యి మార్పించిన సమాజంలో ఎడమచేతి పనిముట్టు కావాలని అడిగేవారే మిగలరు. అడిగేవారు లేరు కనుక తయారుచేసేవారు ఉండరు. పనిముట్టు లేదు కనుక చెయ్యి మార్చుకోవడమే మంచిదని పెద్దలు నమ్ముతారు. ఈ వలయం తన సాక్ష్యాన్ని తానే చెరిపివేస్తుంది. ప్రదర్శనశాలలలో ఎడమచేతి పనిముట్లు అరుదుగా కనిపించడాన్ని ఎడమచేతివారి అరుదుతనానికి నిదర్శనంగా తీసుకోరాదు.

రాతపరికరం విషయం కొంత భిన్నం. 1909 నవంబరులో లండన్ నుంచి దక్షిణాఫ్రికాకు ఓడలో వెళ్తూ గాంధీ ‘హింద్ స్వరాజ్’ను రాశాడు. కుడిచెయ్యి అలసినప్పుడు ఎడమచేత్తో కొనసాగించాడు. 275 పుటల రాతప్రతిలో 40 పుటలు ఎడమచేతివి. కలానికి పక్షం లేదు కనుక ఇది సాధ్యమైంది. పక్షపాతం ఉన్నది ఎడమ నుంచి కుడికి సాగే లిపిలో, తడి ఆరని సిరాలో. ఎడమచేతివాడి అరచెయ్యి తాను రాసిన అక్షరాలమీదుగానే జరగాలి. తాటాకుమీద గంటంతో రాసిన కాలంలో ఈ చిక్కు లేదు. అక్షరం ముందు గీతగా చెక్కబడేది, మసి తరువాత పూసేవారు. పనిముట్టు మారినప్పుడల్లా ఇబ్బంది స్వరూపమూ మారుతుందనడానికి ఇది చక్కని తార్కాణం.

7. అంగడికి వచ్చిన ఎడమచెయ్యి:

బడులలో నిర్బంధం సడలిన తరం పెద్దదై కొనుగోలుదారుగా మారినప్పుడు పై వలయం తెగింది. 1968లో లండన్‌లోని సోహో ప్రాంతంలో ‘ఎనీథింగ్ లెఫ్ట్-హ్యాండెడ్’ అన్న దుకాణం వెలిసింది. ఎడమచేతి కత్తెరలు, చాకులు, డబ్బామూతలు తీసే పరికరాలు ఒకేచోట దొరకడం ఎందరికో కొత్త అనుభవం. విడివిడిగా ఉన్నప్పుడు పదిశాతం అల్పసంఖ్య. ఒక నగరమంతటి నుంచి ఒక దుకాణానికి వస్తే అదే పెద్ద గిరాకీ. పిమ్మట తపాలా ద్వారా, అంతర్జాలం ద్వారా ఈ గిరాకీ దేశాల ఎల్లలు దాటింది.

మార్కెట్ చూపిన పరిష్కారాలు రెండు విధాలు. మొదటిది ప్రతిబింబ పద్ధతి. కుడిచేతి వస్తువును అద్దంలో చూసినట్టు తిరగవేసి చేయడం. ఎడమచేతి కత్తెర, ఎడమవాలు జపాను కత్తి ఈ కోవలోనివి. ఒసాకా సమీపంలోని సకాయ్ పట్టణంలో కత్తిని సాగగొట్టేవారు, పదునుపెట్టేవారు, పిడి బిగించేవారు వేర్వేరు నిపుణులు. ఎడమవాలు కత్తి కావాలంటే ఆ శ్రమలో అలవాటైన చేతికదలికలు తిరగబడాలి. అందువల్ల అటువంటి కత్తులను తరచు ప్రత్యేకంగా పురమాయించి చేయించుకోవాలి, ధర కూడా అధికం. చేతివృత్తి మిగిలి ఉన్నందువల్ల అడిగే అవకాశం మిగిలింది. ఆ అవకాశానికి వెల మాత్రం ఎడమచేతివాడే చెల్లించాలి.

రెండవది సమపక్ష పద్ధతి. ఏ చేతికైనా ఒకే తీరుగా పనిచేసేలా వస్తువును మొదటనే ఊహించడం. అమెరికాకు చెందిన స్పైడర్కో సంస్థ 1981లో విడుదల చేసిన మడతకత్తి అలకులో గుండ్రని రంధ్రం ఉంది. గోటిగాడి ఒక ముఖానికే ఉంటుంది, రంధ్రం రెండు ముఖాలకూ ఉంటుంది. కనుక ఏ బొటనవేలితోనైనా తెరవవచ్చు. 1998లో బెంచ్‌మేడ్ సంస్థ ప్రవేశపెట్టిన యాక్సిస్ తాళం రెండువైపుల నుంచీ విడుస్తుంది. వీటిని ఎడమచేతి కత్తులని ఎవరూ అనరు. అవి కేవలం కత్తులు. ఎడమచేతి మనిషి వేరే అరలో వెతకనక్కరలేదు, అదనపు ధర ఇవ్వనక్కరలేదు.

మొదటి పద్ధతి భేదాన్ని గుర్తించి వేరుగా నిలుపుతుంది. రెండవది భేదాన్ని గుర్తించి అందరిలో కలుపుతుంది. అన్నిచోట్లా రెండవది సాధ్యం కాదు. కత్తెర స్వభావరీత్యానే సమపక్షం కాలేదు. ఎక్కడ ప్రతిబింబం అవసరమో, ఎక్కడ సమపక్షం చాలునో తెలియాలంటే పనిముట్టు పనిచేసే తీరు తెలియాలి.

8. కత్తిపీట – మరుగైన సమపక్షం:

సమపక్ష పద్ధతి ఇరవయ్యో శతాబ్దపు ఆవిష్కరణగా పైన కనిపించినా, తెలుగువారి వంటింట్లో దానికి చాలా పూర్వపు నిదర్శనం ఉంది. అది కత్తిపీట. ఇందులో అలకు చెక్కపీటకు నిలువుగా బిగించి, అంచు కూర్చున్నవారివైపు తిరిగి ఉంటుంది. పీటను కాలితో తొక్కిపట్టి, రెండుచేతులతో కూరగాయను అంచుకు నొక్కుతారు. మామూలు చాకుతో కోసేటప్పుడు ఒక చెయ్యి కత్తిని కదుపుతుంది, మరొకటి వస్తువును ఆపుతుంది. ఒకటి పెద్ద, మరొకటి సహాయకి. కత్తిపీట దగ్గర కత్తి కదలదు, వస్తువు కదులుతుంది. రెండుచేతులూ ఒకే పనిని పంచుకుంటాయి. కత్తిని పట్టే బాధ్యత కాలికి చేరడంతో చేతుల నడుమ తారతమ్యం చాలావరకు తొలగింది. ఎడమచేతి వాటం ఉన్న స్త్రీ పీటను తొక్కే కాలు మార్చుకొని కూర్చుంటే చాలు.

దీన్ని ఎడమచేతివారికోసం ఎవరో ఆలోచించి చేశారనుకోనక్కరలేదు. నేలమీద కూర్చొని వండే జీవనవిధానం నుంచి ఆ రూపం వచ్చింది. నిలబడి వండే గట్టు, గ్యాస్‌పొయ్యి వచ్చిన పిమ్మట కత్తిపీట పక్కకు తొలగి చాకు, పీలర్, వంటింటి కత్తెర ఆ స్థానాన్ని ఆక్రమించాయి. నడుము, మోకాళ్ళ దృష్ట్యా ఈ మార్పు ఎందరికో మేలు చేసింది. అదే సమయంలో, చేతితేడా అడగని పనిముట్టు పోయి, అడిగే పనిముట్లు వంటింట్లోకి వచ్చాయి. ఆధునిక పరికరం పాతదానికంటే ఎల్లప్పుడూ అందరికీ అనువైనదన్న భావనను ఈ ఉదాహరణ సవరిస్తుంది.

9. ముగింపు:

ఈ పరిశీలనవల్ల తేలిన అంశాలు ఇవి. కుడిచేతి ఆధిక్యం మానవజాతి అంత పాతది, ఎడమచేతివారి ఉనికీ అంతే పాతది. కోసే పనిముట్లలో పక్షపాతం అంచుల అమరికలో, వాలులో, కక్కులో దాగి ఉంటుంది. పిడి ఒక్కటి మార్చినంతమాత్రాన అది తొలగదు. కొలిమి వ్యవస్థలో అనువైన పనిముట్టు ఒక మాట దూరంలో ఉండేది. కర్మాగారం దానిని దూరం చేసింది. మార్కెట్ దానిని తిరిగి తెచ్చినా అదనపు వెల కట్టింది. బాల్యంలో చెయ్యి మార్పించే ఆచారం ఆ పనిముట్టు అవసరాన్నే కాక, ఆ అవసరం ఉన్నదన్న సాక్ష్యాన్నీ చెరిపివేసింది.

తెలుగు ప్రాంతాలలో ఈ విషయంపై క్షేత్రపరిశోధనకు విస్తారమైన అవకాశం ఉంది. కమ్మరి కొలుముల దగ్గర, దర్జీల దగ్గర, వరికోత కూలీల దగ్గర, వంటవాళ్ళ దగ్గర మౌఖికంగా నిలిచివున్న అనుభవాలను సేకరించవలసి ఉంది. కక్కు ఏ ముఖానికి తీరుస్తారు, ఎడమచేతి కోతగాడిని వరుసలో ఏ కొసన నిలుపుతారు, దర్జీ ఎడమచేతి శిష్యుడికి కత్తెర ఎట్లా నేర్పుతాడు వంటి ప్రశ్నలకు జవాబులు ఆ వృత్తులవారి దగ్గరే ఉన్నాయి. కొలుములు ఆరిపోతున్న ఈ కాలంలో ఆ పని ఆలస్యం కారాదు. జానపద వస్తుసంస్కృతి అధ్యయనాలలో పనిముట్టు పేరు, కొలత, ఉపయోగం నమోదు చేయడం ఇప్పటికే ఆచారం. వాటితోపాటు దాని వాటాన్ని, దానిని పట్టినవారి చేతిని కూడా నమోదు చేసినట్లయితే, ఇంతవరకు ‘చేత కానివారు’గా లెక్కకు వచ్చిన కొందరు తమ చేతికి తగిన పనిముట్టు అందని పనివారుగా చరిత్రలో కనిపిస్తారు.